దేవరగట్టు పెద్దలకు బహిరంగ లేఖ: పాల బాసలో ఇంకొక్క మాట

గూడూరు, కర్నూలు జిల్లా

నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాల పెద్దలకు, అరికెర, అరికెర తండా, సుళువాయి, ఎల్లార్తి, కురుకుంద, బిలేహాల్, విరుపాపురం గ్రామాల పెద్దలకు,

దసరా రాత్రి కట్టెలతో జరిగే బన్ని ఉత్సవం ఆపండని అడగడానికి రాస్తున్న లేఖ కాదిది. ఆ మాట మీకు చెప్పేవాళ్లు ఏటా ఉంటూనే ఉన్నారు. దసరా దగ్గర పడుతుందనగా పోలీసు అధికారులు మీ ఊళ్లకు వస్తారు. సదస్సులు పెడతారు, కొందరిని బైండోవర్ చేస్తారు, ఇనుప రింగులు తొడిగిన కట్టెలు ఎత్తుకుపోతారు. గట్టు చుట్టూ సీసీ కెమెరాలు, పైన డ్రోన్లు, కింద వందల మంది పోలీసులు. అయినా విజయదశమి అర్ధరాత్రి కొండ మీద మాళమ్మకు, మల్లేశ్వరుడికి కల్యాణం అవుతుంది, ఉత్సవమూర్తులు కిందికి దిగుతాయి, దివిటీలు లేస్తాయి, వాటితో పాటే కట్టెలూ లేస్తాయి. 2020లో కరోనా ఆంక్షలున్నాయి, 144వ సెక్షన్ ఉంది. ఆ ఏడాదీ ఆగలేదు.

ఆగనిదాన్ని ఆపమని మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ పోతే, అడగాల్సిన ఇంకో ప్రశ్న అడగకుండానే మిగిలిపోతోంది. దెబ్బ తగిలిన మనిషి తెల్లారేసరికి ఎక్కడుంటున్నాడు?

చాలామంది ఇంట్లోనే ఉంటున్నారు. తల చీలినచోట పిడికెడు బండారు (స్వామివారి పసుపు) అద్దుకుని, టవల్ చుట్టుకుని, మూర్తుల వెంట ఎదురు బసవన్న గుడి దాకా నడిచి, కార్ణీకం (భవిష్యవాణి) విని, ఊరికి పోయి పడుకుంటున్నారు. రక్తం కారుతున్నా ఆసుపత్రి గడప తొక్కని వాడిని ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు. గట్టు దగ్గరి వైద్యశిబిరంలో కుట్లు వేయించుకున్నవాడు ఆ మాటే ఎత్తడు. ఈ లేఖ ఆ అలవాటు గురించే.

పత్రికల్లో వచ్చిన లెక్కలు మీకు తెలియనివి కావు. 2021లో దాదాపు 100 మందికి గాయాలు. 2022లో 50 మందికి పైగా గాయపడ్డారు, కర్ణాటక నుంచి చూడటానికి వచ్చిన ఒక కుర్రాడు చనిపోయాడు, గుండె ఆగిందని చెప్పారు. 2023లో ముగ్గురు పోయారు. వాళ్లలో ఒక యువకుడు కట్టె దెబ్బకు కాదు, బాగా కనబడుతుందని జనం ఎక్కిన వేపచెట్టు కొమ్మ విరిగిపడటం వల్ల ప్రాణం వదిలాడు. 2025 దసరాకు మళ్లీ ఇద్దరు పోయారు, దాదాపు 100 మందికి దెబ్బలు. ఈ అంకెలన్నీ వైద్యశిబిరానికో, ఆలూరు, ఆదోని ఆసుపత్రులకో వచ్చినవాళ్లవి. బండారు రాసుకుని ఇంటికి పోయినవాళ్లు ఏ లెక్కలోనూ లేరు. మూడో రోజు తలనొప్పి తగ్గక బళ్లారికి బస్సెక్కినవాడిని ఉత్సవం గాయంగా ఎవరు రాసుకుంటారు? నెల తర్వాత ఫిట్స్ వచ్చినవాడిని?

మీ వైపు మాట కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లు దాన్ని వినరు. ఇది కొట్లాట కాదని, మూర్తులను కాపాడుకునే మొక్కు అని మీరంటారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లవాళ్లు మూర్తుల చుట్టూ గోడలా నిలబడాలి, మిగతా ఊళ్లవాళ్లు వాటి దగ్గరికి రావాలి. ఆ ఒరిపిడిలో, ఆ చీకట్లో, దివిటీల నిప్పురవ్వలకు, తోపులాటకు, తాగి వచ్చిన పరాయివాళ్ల చేష్టలకు దెబ్బలు తగులుతాయని, పగతో ఎవరూ ఎవరినీ కొట్టరని అంటారు. ఇందులో నిజం ఉంది. తెల్లారితే కొట్టినవాడూ కొట్టించుకున్నవాడూ ఒకే బండి మీద పత్తి మార్కెట్‌కు పోయే ఊళ్లివి. కానీ తలకు తగిలిన కట్టెకు అది మొక్కుతో లేచిందా, మద్యంతో లేచిందా అన్న తేడా తెలియదు. పుర్రె ఎముక రెండింటికీ ఒకేలా పగులుతుంది.

అందుకని ముందు ఆ ఎముక గురించి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

చెవికి పైన, కంటి పక్కన, కణత దగ్గర పుర్రె బాగా పలుచన. ఆ పలుచని ఎముకకు లోపలివైపు ఆనుకుని ఒక ధమని పోతుంది. పక్క నుంచి వచ్చిన దెబ్బకు అక్కడ ఎముక చిట్లితే, ఆ ధమని తెగవచ్చు. తెగితే రక్తం బయటికి రాదు. ఎముకకూ మెదడు పొరకూ నడుమ చేరుతుంది. మనిషి దెబ్బ తిన్న క్షణంలో కళ్లు తిరిగి కూలబడతాడు, రెండు నిమిషాల్లో లేస్తాడు. నీళ్లు తాగుతాడు, పేరు చెబుతాడు, నవ్వుతాడు, మళ్లీ కట్టె అందుకుంటాడు. చుట్టుపక్కలవాళ్లు స్వామి కాపాడాడనుకుంటారు. లోపల రక్తం గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. గంటకో, మూడు గంటలకో, ఆరు గంటలకో తలనొప్పి ముదురుతుంది, వాంతి అవుతుంది, మాట తడబడుతుంది, ఒక కంటి పాప రెండోదానికంటే పెద్దదవుతుంది, ఆ తర్వాత మత్తు. ఈ గంటల్లోనే ఎవరైనా సీటీ స్కాన్ తీసి, పుర్రెకు రంధ్రం పెట్టి ఆ గడ్డను తీస్తే చాలామంది మామూలు మనుషులై ఇంటికి వెళతారు. ఆలస్యమైతే మెదడు నలిగిపోతుంది.

ఇప్పుడు ఈ గంటలను దేవరగట్టు రాత్రికి పక్కన పెట్టి చూడండి. దెబ్బ తగిలేది అర్ధరాత్రి దాటాక. ఇంటికి చేరేది తెల్లవారుజామున. రాత్రంతా మేలుకున్న మనిషి, ముళ్లబండ, పాదాలగట్టు, రక్షపడ మీదుగా చీకట్లో నడిచిన మనిషి, కొందరైతే నాటుసారా తాగిన మనిషి. అతను పడుకుంటే ఇంట్లోవాళ్లు లేపుతారా? అలసిపోయాడులే, నిద్రపోనీ అంటారు. గురక గట్టిగా వస్తే తాగిన మత్తు అంటారు. అమ్మో, భార్యో మధ్యాహ్నం జొన్నరొట్టె పెట్టడానికి లేపబోయేసరికి అతను లేవడు. బయటికి రక్తం ధారగా కారినవాడి కంటే చుక్క రక్తం కనబడని ఈ మనిషికే ఎక్కువ ప్రమాదం. మీ ఊళ్లలో ఏ ఇంటా ఈ సంగతి తెలియకుండా ఉండకూడదు.

పేరున్నవాళ్లూ ఈ ఆలస్యానికి బలయ్యారు. 2009 మార్చిలో నటాషా రిచర్డ్‌సన్ అనే బ్రిటిష్ నటి కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడింది. బాగానే ఉన్నానంది, వచ్చిన అంబులెన్స్‌ను వెనక్కి పంపించారు. కొన్ని గంటల్లో తలనొప్పి మొదలైంది. రెండు రోజులకు చనిపోయింది. కారణం పైన చెప్పిన రక్తం గడ్డే. ఆమెకు డబ్బుకు లోటు లేదు, గొప్ప ఆసుపత్రులకు లోటు లేదు. బాగానే ఉన్నానన్న ఒక్క మాట దగ్గర కాలం చేజారింది.

బండారు సంగతికి వద్దాం. అది స్వామి ప్రసాదం, దాని మీద చిన్న మాట అనడం ఈ లేఖ ఉద్దేశం కాదు. నుదుటి నిండా పెట్టుకోండి, ఒంటి నిండా చల్లుకోండి. కానీ చీలిన తలలో దాన్ని కూరడం వేరు. పసుపుకు కొంత సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్న మాట నిజమే. అయితే గుట్టల మీద వేల చేతులు మారి, దుమ్ములో పడి లేచిన పొడి శుభ్రమైన మందు కాదు. గాయంలో అడుగున మట్టి, వెంట్రుకలు, కట్టె పేళ్లు ఉండగానే పైన పొడి గడ్డకడితే, ధనుర్వాతం సూక్ష్మజీవికి అంతకంటే అనువైన చోటు ఉండదు. అది సాధారణంగా మూడు రోజుల నుంచి మూడు వారాల లోపు బయటపడుతుంది. దవడ బిగుసుకుంటుంది, మెడ వంగదు, ఆ తర్వాత ఒళ్లంతా విల్లులా వంగుతుంది. గాయం మానిపోయిందని ఊరంతా అనుకున్నాక వచ్చే చావు అది. దాన్ని అడ్డుకునే ధనుర్వాతం సూది ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా ఉచితం. ఉప్పునీటితో గాయం కడగడం, చుట్టూ వెంట్రుకలు తీయడం, వేలితో తడిమి కింద ఎముక గుంట పడిందేమో చూడటం, నాలుగు కుట్లు, ఒక సూది. పావుగంట పని. ఆ తర్వాత పైన బండారు పెట్టుకుంటానంటే కట్టు మీద పెట్టుకోవచ్చు. ఏ డాక్టరూ వద్దనడు.

పైగా స్వామివారి కథలోనే రక్తానికి ఒక లెక్క ఉంది కదా. మణి, మల్లాసురులనే రాక్షసులు చనిపోతూ ఏటా నరరక్తం కావాలని కోరారని, అందుకే రక్షపడ దగ్గర స్వామి సేవకుడైన గొరవయ్య తొడ కోసి పిడికెడు రక్తం ధారపోస్తాడని మీ పెద్దలు చెబుతారు. అడిగింది అంత, ఇచ్చేది అంత. అది కూడా ఒక్క మనిషి, తెలిసి, మొక్కుగా, ఎంత కోయాలో అంతే కోసి ఇచ్చేది. మిగతా వంద మంది తలల నుంచి కారే రక్తం ఆ మొక్కులో ఎక్కడుంది? ఏ రాక్షసుడికీ బాకీ లేని రక్తం అది. దాన్ని కట్టు కట్టి ఆపితే ఆచారానికి వచ్చే లోటేమీ లేదు.

ఆచారం మారదనే మాట కూడా మీ గట్టు దగ్గర నిలవదు. ఒకప్పుడు ఇక్కడ గొడ్డళ్లు, ఈటెలు వాడేవారని, తర్వాత కట్టెలు వచ్చాయని పూజారులే చెప్పారు. గొడ్డలి దింపి కట్టె అందుకున్న తాతలను ఎవరూ పిరికివాళ్లనలేదు. వాళ్ల మనవళ్లు కట్టె దింపి కట్టు కట్టించుకుంటే మాత్రం ఎందుకనాలి?

గాయాన్ని లెక్కచేయకపోవడమే మగతనం అనే భావన మీ ఊళ్లది మాత్రమే కాదు. కుస్తీ గోదాలో, బాక్సింగ్ రింగులో, కబడ్డీ బరిలో అన్నిచోట్లా ఉంది. నొప్పి చెప్పుకుంటే జట్టులో చోటు పోతుందని, ఎదుటివాడికి అలుసవుతామని కుర్రాళ్లు దాచుకుంటారు. మోకాలు తప్పితే పుత్తూరు కట్టు వేయించుకుని మూడో రోజుకే బరిలో దిగేవాళ్లు రాయలసీమ అంతటా కనిపిస్తారు. కానీ ఆ ఆటల్లో నిజంగా పైకి వెళ్లినవాళ్లను చూడండి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు 2017లో భుజం కీలు తప్పింది. ఆపరేషన్ చేయించుకుంది, ఏడాది దగ్గర రింగుకు దూరంగా ఉంది. ఆ ఏడాది ఊరుకోకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో గానీ, 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. టోక్యో ఒలింపిక్స్‌లో సూపర్ హెవీవెయిట్ బాక్సర్ సతీశ్ కుమార్ గడ్డానికి, కంటి పైన 13 కుట్లతో క్వార్టర్ ఫైనల్లో ఉజ్బెకిస్తాన్‌కు చెందిన ప్రపంచ ఛాంపియన్ మీద ఆడాడు. ఓడాడు, కానీ దేశం మొత్తం అతని ధైర్యాన్ని మెచ్చుకుంది. ఆ 13 కుట్లూ వేసింది డాక్టర్లు. బరిలోకి దిగవచ్చని చెప్పిందీ డాక్టర్లే. కుట్లు వేయించుకున్నాకే అతను పోరాడాడు.

మన తెలుగు మల్లయోధుల్లో కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు వినని తరం లేదు. ఏనుగును ఛాతీ మీద ఎక్కించుకున్న మనిషి. ఆయనకు కాలికి వ్రణం లేచి, కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథలో జనం మత్తు వద్దన్న మాటనే గుర్తు పెట్టుకున్నారు. ఆయన ఆసుపత్రికి వెళ్లారన్నది, కాలును డాక్టరు కత్తికి అప్పగించారన్నది మరిచిపోయారు. అంత బలవంతుడికే వైద్యుడి అవసరం పడింది.

ప్రాణం పోయాక నియమం మార్చుకున్న ఆటలూ ఉన్నాయి. 1982 నవంబరులో అమెరికాలో కొరియా బాక్సర్ కిమ్ దుక్ కూ 14వ రౌండులో దెబ్బ తిని పడి, మెదడులో రక్తం గడ్డకట్టి కొద్ది రోజుల్లో చనిపోయాడు. అప్పటిదాకా టైటిల్ పోరు 15 రౌండ్లు. ఆ తర్వాత వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ 12కు తగ్గించింది. అమెచ్యూర్ బాక్సింగ్‌లో తలకు దెబ్బ తగిలి నాకౌట్ అయినవాడు కనీసం 30 రోజులు రింగు ఎక్కకూడదు. డాక్టరు చూడకుండా తిరిగి రాకూడదు. దీని వెనుక గట్టి కారణం ఉంది. మొదటి దెబ్బకు వాచిన మెదడు మానక ముందే రెండో దెబ్బ తగిలితే, అది చిన్నదైనా మనిషిని తీసుకుపోవచ్చు. దేవరగట్టులో కళ్లు తిరిగి పడి లేచినవాడు అదే రాత్రి మళ్లీ జనంలోకి దూరడం ఇందుకే చాలా ప్రమాదం. అతన్ని పక్కకు లాగి కూర్చోబెట్టడం స్నేహితుల పని.

మన దేశంలోనే మీలాంటి ఆచారాలున్న ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఉత్తరాఖండ్‌లో దేవీధురా అనే చోట రాఖీ పౌర్ణమి రోజున బగ్వాల్ జరుగుతుంది. వర్గాలుగా విడిపోయి రాళ్లు విసురుకునేవారు. అక్కడ కూడా అమ్మవారికి నరరక్తం మొక్కు కథే ఉంది. 2013లో హైకోర్టు ఆదేశించాక పండ్లు, పూలు విసరడం మొదలుపెట్టారు. జాతర మాత్రం ఆగలేదు. మధ్యప్రదేశ్‌లోని పాంఢుర్ణాలో గోట్‌మార్ మేళాలో మాత్రం అధికారులు రాళ్ల బదులు బంతులిచ్చి చూశారు. ఊరివాళ్లు పక్కన పడేశారు, రాళ్లు ఇంకా ఎగురుతున్నాయి. పైనుంచి వచ్చిన ఆదేశం ఒకచోట పట్టింది, ఒకచోట పట్టలేదు. మనకు దగ్గరగా తమిళనాడు జల్లికట్టు చూడండి. 2014లో సుప్రీంకోర్టు నిషేధించింది, 2017లో చట్టం చేసుకుని తిరిగి తెచ్చుకున్నారు. తెచ్చుకుంటూ వైద్యుడిని కూడా బరిలోకి తెచ్చుకున్నారు. ఎద్దును పట్టే కుర్రాడు ముందు వైద్యపరీక్షకు నిలబడాలి, అంబులెన్స్ సిద్ధంగా ఉండాలి. అక్కడి కుర్రాళ్ల పౌరుషం దీనివల్ల తగ్గిందని ఎవరూ అనలేదు.

మీ ఊళ్లవాళ్లు శిబిరానికి రాకపోవడానికి భక్తి ఒక్కటే కారణమని అధికారులు అనుకుంటే అది పొరపాటు. భయం కూడా ఉంది. కట్టె దెబ్బ అని తెలిస్తే ఆసుపత్రిలో ఎంఎల్‌సీ రాస్తారు, అంటే పోలీసులకు కబురు పోతుంది. అసలే బైండోవర్ మీద ఉన్నవాడు, పై ఏడాది కట్టె పట్టనని సంతకం పెట్టినవాడు, తల పగిలి ఆ చీటీ రాయించుకోవడానికి ఎందుకు పోతాడు? పోయినా ‘బండ మీద జారిపడ్డాను’ అంటాడు. డాక్టరుకు నిజం తెలియదు. దెబ్బ ఎటు నుంచి, దేనితో తగిలిందో తెలియకపోతే ఏ వైపు స్కాన్ జాగ్రత్తగా చూడాలో తెలియదు. పక్కనే ఖాకీ చొక్కా నిలబడి ఉన్న వైద్యశిబిరానికి గాయపడ్డవాడు రాడు. ఇది మీకు తెలుసు, కింది స్థాయి పోలీసులకూ తెలుసు.

ఇక్కడ కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి ఒక మనవి. గాయపడినవాడు ఎవరైనా, నేరం చేసినవాడైనా సరే, పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ఆ తీర్పును దేవరగట్టు రాత్రికి తెలుగులో, కన్నడలో బోర్డు రాయించి శిబిరం ముందు కట్టించండి. వైద్యం కోసం వచ్చినందుకు, శిబిరంలో పేరు రాయించుకున్నందుకు ఎవరినీ నిందితుడిగా చేర్చబోమని మీరు, ఎస్పీ గారు కలిసి దసరాకు ముందే ఊరూరా చెప్పించండి. ప్రాణం తీసే ఉద్దేశంతో కొట్టినవాడి మీద కేసు పెట్టడానికి కెమెరాలున్నాయి, డ్రోన్లున్నాయి. దానికి గాయపడ్డవాడి ఓపీ చీటీ అక్కరలేదు. ఆ రాత్రి ఆదోనిలో సీటీ స్కాన్ నడిపే మనిషి మేలుకుని ఉండాలి. మెదడు ఆపరేషన్ చేసే డాక్టరు కర్నూలు పెద్దాసుపత్రిలో ఫోనుకు అందాలి. ఆదోని నుంచి కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. దేవరగట్టు దగ్గరి హొళగుంద నుంచి ఆలూరు, ఆలూరు నుంచి ఆదోని, ఆదోని నుంచి కర్నూలు అని మెట్టు మెట్టుకూ ఆగుతూ పోతే, పైన చెప్పిన గంటలు దారిలోనే అయిపోతాయి. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడిని నేరుగా ఎక్కడికి పంపాలో, దగ్గరయితే రాష్ట్రం సరిహద్దు దాటి బళ్లారికే పంపవచ్చో లేదో, ముందే తేల్చి అంబులెన్స్ డ్రైవర్ చేతిలో కాగితం పెట్టాలి. ఆదోని ప్రభుత్వ వైద్య కళాశాలకు 2021లో శంకుస్థాపన అయ్యింది. జిల్లా పశ్చిమ ప్రాంతం ఇప్పటికీ దాని కోసం ఎదురుచూస్తోంది.

పెద్దలారా, మళ్లీ మీ దగ్గరికి. ప్రాణం పోయేదాకా రాని దెబ్బల సంగతి కూడా మీకు చెప్పాలి, అవే ఎక్కువ కాబట్టి. కట్టె తల మీదికి వస్తుంటే మనిషి చేయి అడ్డం పెడతాడు. ముంజేతిలో చిటికెనవేలి వైపున్న ఎముక విరుగుతుంది. బయటికి వాపు తప్ప ఏమీ కనబడదు. చేయి ఆడుతుంటే విరగలేదనుకుంటారు. నూనె రాసి, గుడ్డ కట్టి ఊరుకుంటారు. వంకరగా అతుక్కున్న ఆ చేయి ఆ తర్వాత మణికట్టు దగ్గర తిరగదు. దసరా ఎప్పుడు వస్తుంది? పత్తి విప్పే కాలంలో, ఉల్లి తీసే కాలంలో. ఆ పైన నెలా రెండు నెలలకు ఊరు ఊరంతా సుగ్గికి, అంటే కూలి వలసకు, కదులుతుంది. గుంటూరు మిరప చేలకు, బెంగళూరు భవనాల పనికి. మిరప కోతకు రెండు చేతులూ కావాలి. ఒక చేయి తిరగని మనిషికి మేస్త్రీ అడ్వాన్స్ ఇవ్వడు. అతను ఊళ్లో ఉండిపోతాడు, భార్య, బడి మాన్పించిన కూతురు సుగ్గికి పోతారు. ఒక ఎక్స్‌రే, ఆరు వారాల సిమెంటు కట్టు ఉంటే ఆ ఇంటి కథ మారేది. మొక్కు తీర్చుకున్నది ఒకడు, దాని ఖర్చు మోసింది ఆడవాళ్లు.

అందుకే ఆడవాళ్ల మాట కూడా ఇందులో ఉండాలి. ఆ రాత్రి గట్టు మీద ఉండేది ఎక్కువగా మగవాళ్లే గానీ, తెల్లారి గాయాన్ని మొదట చూసేది ఇంటి ఆడవాళ్లు. డ్వాక్రా సంఘాల సమావేశాల్లో, ఆశా కార్యకర్తల చేత ఈ నాలుగు గుర్తులు చెప్పించండి: దెబ్బ తర్వాత రెండు మూడు వాంతులు, ఎంతకీ తగ్గని తలనొప్పి, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి తడి, పిలిస్తే సరిగా పలకని మత్తు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోను చేయాలి. తలకు దెబ్బ తగిలినవాడు పడుకున్నా గంటకోసారి లేపి పేరు, ఊరు, వారం అడగాలి. విసుక్కున్నా ఫర్వాలేదు. జవాబు తప్పితే ఆలస్యం చేయకూడదు.

ఇక అసలు అడగదలచుకున్నది. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట పెద్దలారా, ఉత్సవానికి ముందు మీ మూడు ఊళ్లవాళ్లు పాల బాస చేస్తారు. పాల మీద చేయి పెట్టి, కక్షలు పక్కన పెట్టి, అందరం ఒక్కటై స్వామి కార్యం జరిపిస్తామని చెబుతారు. ఆ బాసను దాటడం మీ ఊళ్లలో మామూలు తప్పు కాదు. కలెక్టర్ ఆర్డరు కంటే, ఎస్పీ హెచ్చరిక కంటే దానికి బరువెక్కువ. వచ్చే దసరాకు ఆ బాసలో ఇంకొక్క మాట చేర్చండి. ఎవరి తలకు దెబ్బ తగిలినా, మనవాడైనా ఎదుటి ఊరివాడైనా, చూసినవాడు కట్టె కింద పెట్టి అతన్ని శిబిరానికి నడిపిస్తాడని. పడి లేచినవాడు ఆ రాత్రి మళ్లీ గుంపులోకి పోడని. కుట్లు వేయించుకున్నవాడిని ఎవరూ ఎగతాళి చేయరని. ప్రతి ఊరి నుంచి పది మంది కుర్రాళ్లను కట్టె లేకుండా, చేతిలో టార్చిలైటు, స్ట్రెచర్‌తో ఆ పని మీదే పెట్టండి. పదిమందిని ఎంచేటప్పుడు ఊళ్లో అందరూ మాట వినే మొనగాళ్లనే ఎంచండి. అప్పుడు శిబిరానికి పోవడం పిరికితనం అని అనే నోరు ఉండదు.

మీరు చేర్చిన మాటను ఎల్లార్తి, అరికెర, సుళువాయి, మిగతా ఎదుటి ఊళ్ల పెద్దలు కూడా తమ ఊళ్లలో చేర్చుకోవాలి. దసరా లోపు రెండు వైపుల పెద్దలూ ఒక్కసారి గుడి దగ్గర కూర్చుని దీన్ని తేల్చండి. ఆ కూర్చోవడానికి ఆలూరు ప్రభుత్వ డాక్టరును పిలవండి, పోలీసులను కాదు.

ఇట్లు,
గూడూరు నుంచి, మీ జిల్లావాడొకడు